పరీక్ష మాలు వేరు, స్లాబు మాలు వేరు

(ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా చెన్నైలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్నవాళ్ళ పేర్లన్నీ అధ్యక్షులు ఇందాకే చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి మాత్రం చేతులెత్తి దండం పెట్టి మొదలుపెడతాను. ఆయన ఇంటిపేరులోనే మన తెలుగునేల మీది ఊరు ఉంది.

నా ముందున్న ఈ దిమ్మ ఏమిటా అని చూస్తున్నారు కదా. ఇది కాంక్రీటు క్యూబు. ఏ వైపు కొలిచినా 15 సెంటీమీటర్లు, బరువు ఎనిమిది కిలోల పైచిలుకు. ముప్పై ఏళ్ళకు పైగా ఇలాంటివాటిని యంత్రంలో పెట్టి పగలగొట్టడమే నా ఉద్యోగం. ప్రభుత్వ భవనాల కాంక్రీటు గట్టిదో కాదో చెప్పే ల్యాబులో పనిచేశాను.

నాకిచ్చిన అంశం ‘ప్రభుత్వ భవన నిర్మాణంలో మొదటినుంచి చివరిదాకా నాణ్యత’. కాగితం మీద ఏడు ఘట్టాలు రాసుకొచ్చాను. ప్లాను, టెండరు, సామగ్రి, పని, పరీక్ష, అప్పగింత, మరమ్మతు. వరసగా చెబుదామనే వచ్చాను.

ఈ ఊళ్ళో కట్టడాల మాట వస్తే మనవాళ్ళ పేర్లు తప్పకుండా వస్తాయి. సెంట్రల్ స్టేషన్ దగ్గర, రిప్పన్ బిల్డింగ్ పక్కన ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతి రాజు. గీసింది రాబర్ట్ చిషోమ్. కట్టింది తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. రాయి వేసినవాడూ మనవాడే, ఇటుక పేర్చినవాడూ మనవాడే. ఆ ఎర్ర ఇటుకల గోడ దగ్గర నిలబడి చూడండి, వరస తప్పిన ఇటుక కనిపించదు. ఆ కాలంలో గోడ గోడగానే కనిపించేది. ఇటుక మంచిదో కాదో దారిన పోయేవాడు కూడా గోటితో గీకి చెప్పగలిగేవాడు.

కాంక్రీటు అలా కాదు. ఈ తేడా మీరు పట్టుకుంటే నా ప్రసంగం సగం అయినట్టే. కాంక్రీటు పోసే ఆ ఆరేడు గంటలు దాటితే లోపల ఏముందో కంటికి కనపడదు. పైన పూత, ఆ పైన సున్నం, ఆ పైన రంగు, ఆ పైన నాయకుల పేర్లతో శిలాఫలకం. కాబట్టి మనకున్న సాక్షి ఈ దిమ్మ ఒక్కటే. 50 క్యూబిక్ మీటర్ల స్లాబు వేస్తే, ఐ.ఎస్. 456 అనే మన జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం నాలుగు శాంపుళ్ళు తీయాలి. శాంపుల్‌కు మూడు చొప్పున పన్నెండు క్యూబులు. లెక్క వేస్తే మొత్తం కాంక్రీటులో అది వెయ్యో వంతు కూడా కాదు. ఆ కాస్త భాగం చెప్పే సాక్ష్యం మీద వందల మంది రోగులు, పిల్లలు ఒక కప్పు కింద పడుకుంటారు. మరి సాక్షినే కొనేస్తే?

ఇప్పుడు నేను చెప్పాలని వచ్చిన సంగతి చెబుతాను. ఏడు ఘట్టాలు తర్వాత చూద్దాం.

1998లో ఒక ప్రభుత్వ ఆస్పత్రికి వార్డు భవనం కడుతున్నారు. ఏ ఆస్పత్రి, ఎవరు కట్టారు అన్నది ఇక్కడ చెప్పను. ఎం20 కాంక్రీటు అది. అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం, ఈ క్యూబు దాదాపు 45 టన్నుల బరువు మోయాలన్నమాట. ఆ సైటునుంచి వచ్చిన క్యూబులు యంత్రంలో పెడితే 38, 39, 38. మూడూ అంతే. వారం తర్వాత ఇంకో మూడు, అవీ అంతే. మా ల్యాబులో అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం మనసులో ఏదో ముల్లు గుచ్చుకున్నట్టుంది. సైటులో చేతితో వేసే మాలు, అంటే సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు కలిపిన ముద్ద, ఒక తట్టకూ ఇంకో తట్టకూ తేడా రాకుండా ఉండదు. అంత బలం అడగనిచోట ఎవరు ఇస్తారు?

తర్వాతి స్లాబు రోజున చెప్పకుండా వెళ్ళాను. మిక్సరు అటు తిరుగుతోంది. సిమెంటు షెడ్డు వెనక ఒక కుర్రాడు ఇనప రేకు మీద చేతితో మాలు కలుపుతున్నాడు. సన్న కంకర, చూస్తేనే తెలిసేంత ఎక్కువ సిమెంటు, పొడిపొడిగా. పక్కన నూనె రాసిన మోల్డులు, అంటే క్యూబులు పోసే అచ్చులు. పదిహేడేళ్ళు ఉంటాయేమో, పలాస దగ్గరి కుర్రాడు. తెలుగులో పలకరిస్తే మొహం విప్పారింది. ఇదేం మాలు బాబూ అనడిగాను. “ఇది పరీక్ష మాలు మేడమ్. స్లాబు మాలు అక్కడ” అని మిక్సరు వైపు చెయ్యి చూపించాడు. దాచాలని కూడా వాడికి తెలీదు. పని అలాగే చేస్తారని నేర్పారు, అలాగే చేస్తున్నాడు.

నేను స్లాబు మీదికి ఎక్కి, అక్కడ పోస్తున్న మాలుతో మూడు క్యూబులు నా చేతులతో నింపుకున్నాను. నీళ్ళ పప్పుచారులా ఉంది ఆ మాలు. బస్తా సిమెంటు 50 కిలోలు. బస్తాకు 25 లీటర్ల నీళ్ళు పోయాలని లెక్క ఉంటే, ఇంకో పది లీటర్ల బకెట్ పోస్తే పరుచుకోవడం సులువు. కూలీలకు సులువు, మేస్త్రికి సులువు. ఎక్కువైన ఆ నీళ్ళు తర్వాత ఆవిరై పోతాయి, పోయినచోట సన్నని ఖాళీలు మిగులుతాయి. కడ్డీలు కింది చెక్కకు ఆనకుండా పెట్టే చిన్న దిమ్మలు, కవర్ బ్లాకులు కూడా లేవు, కంకర రాళ్ళు దూర్చి లేపారు. నడిచేవాళ్ళ కాలు తగిలితే రాయి జారుతుంది, కడ్డీ సెంట్రింగ్ చెక్కకు ఆనుతుంది.

ఇరవై ఎనిమిది రోజుల తర్వాత నా క్యూబులు 13, 14, 12 దగ్గర పగిలాయి.

రిపోర్టు రాశాను. రెండు రోజులకు పైఅధికారుల పిలుపు వచ్చింది. కాంట్రాక్టరు మనిషీ ప్రభుత్వం మనిషీ ఇద్దరూ కలిసి సంతకం పెట్టి తీసిన శాంపుల్ కాదు కాబట్టి చెల్లదన్నారు. ప్రారంభోత్సవం తేదీ ఖరారైంది, ఇప్పుడు కొత్త టెన్షన్ పెట్టొద్దన్నారు. సైటు పంపిన క్యూబుల షీటు మీద సంతకం చేయమన్నారు. యంత్రం చూపించింది 38, నేను రాసింది 38. అబద్ధం రాయలేదు కదా అని నాకు నేను చెప్పుకుని సంతకం చేశాను. గట్టిపడిన స్లాబునుంచే కోర్, అంటే గుండ్రటి ముక్క, కోసి తీసి పరీక్షిద్దామని గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదు. అది నా తప్పు. ఇన్నేళ్ళలో ఏ సభలోనూ చెప్పలేదు, ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

పదకొండేళ్ళ తర్వాత మా చిన్నాన్నను సూళ్ళూరుపేటనుంచి తీసుకొచ్చి ఆ ఆస్పత్రిలోనే చేర్చారు. అదే భవనం. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పైకి చూశాను. సీలింగు మీద తుప్పు రంగు గీతలు, జానెడు ఎడంతో, స్కేలు పెట్టి గీసినట్టు. లోపల ఉన్న ప్రతి కడ్డీ పైకి తేలి కనపడుతోంది. ఇనుము తుప్పు పడితే రెండు మూడింతలు ఉబ్బి కాంక్రీటును నెట్టేస్తుంది. మూల దగ్గర పెచ్చు ఊడిపోయిన చోట రెండు మంచాలు పక్కకు జరిపేశారు. ఆ మంచాల మీది రోగులు వరండాలో పడుకున్నారు, అది కార్తీక మాసం, వాన జల్లు కొడుతోంది. చిన్నాన్న నన్ను అడిగాడు: “అమ్మాయ్, నువ్వు ఇంజనీరువి కదా, ఈ గీతలేంటే?” నేను జవాబు చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేరు.

ఈ హాల్లో ఎంతమంది పిల్లలు, మనవలు ప్రభుత్వ బడిలోనో, కార్పొరేషన్ ఆస్పత్రి దగ్గర్లోనో ఉన్నారు? చేతులెత్తండి. ఎత్తండమ్మా, సిగ్గేమీ లేదు. ఇంతమంది ఉన్నారు. మీ వీధిలో అలాంటి భవనం లేస్తున్నప్పుడు కాంక్రీటు పోసే రోజు ఏదో మీలో ఎవరికైనా తెలుసా?

మన చెన్నై శివారు మౌలివాక్కంలో భవనం కూలిన మాట మీరు మరిచిపోయి ఉండరు. 2014 జూన్ 28. అది ప్రైవేటు అపార్ట్‌మెంటు, ఒప్పుకుంటాను. కానీ కడుతున్న పదకొండు అంతస్తులు సాయంత్రం వానలో కూలితే 61 మంది పోయారు. వారంపాటు శిథిలాలు తీశారు. చచ్చిపోయినవాళ్ళలో విజయనగరం, శ్రీకాకుళం కూలీలు ఎంతోమంది. మార్చురీ బయట తెలుగు తప్ప ఇంకో మాట రాని తల్లులకు పోలీసుల ప్రశ్నలు అర్థం చేయించడానికి వెళ్ళినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఒకావిడ కొడుకు చొక్కా రంగు చెబుతూనే ఉంది, నేను తమిళంలో చెబుతూనే ఉన్నాను. పక్కనున్న రెండో టవరును 2016 నవంబరులో మందుగుండు పెట్టి కూల్చేశారు. నాణ్యత పోతే ముందు పోయేది కట్టే కూలీ. అక్కడ ఉండబోయేవాడి వంతు తర్వాత వస్తుంది. మన కుర్రాళ్ళు ఈ ఊరికి కట్టడానికే వస్తున్నారు, ఇప్పటికీ వస్తున్నారు.

సరే, నా కాగితానికి వస్తాను. ప్లాను సంగతి ఒక్క మాటలో: చెన్నై సముద్రపు ఊరు. ఉప్పు గాలి తగిలేచోట ఎం30 కాంక్రీటు, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కాంక్రీటు పొర, ఉండాలని ప్రమాణమే చెబుతోంది. లోపలి ఊళ్ళ డ్రాయింగు తెచ్చి ఇక్కడ అతికిస్తే కుదరదు. బోరు నీళ్ళు కూడా పరీక్షించాలి. లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉన్న నీళ్ళు కడ్డీలున్న కాంక్రీటుకు పనికిరావు.

టెండరు దగ్గర మాత్రం ఆగుతాను. అందరికన్నా తక్కువ చెప్పినవాడికి పని ఇస్తారు. సరే, ఇవ్వండి. కానీ పరీక్ష ఫీజు కూడా ఆ కాంట్రాక్టరు చేతులోంచే ల్యాబుకు వెళ్ళే పద్ధతి చాలాచోట్ల ఉంది. డబ్బు ఎవరిదో మాట వాళ్ళదే అవుతుంది. పరీక్ష ఖర్చు పని ఖర్చులోంచి వేరుగా తీసి, భవనం వాడబోయే శాఖే ల్యాబుకు నేరుగా కట్టాలి. నేను ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నది ఇదే.

సామగ్రి, అప్పగింత, మరమ్మతు ఇవాళ వదిలేస్తున్నాను. టైము చూపిస్తున్నారు. నీళ్ళు కొట్టడం గురించి మాత్రం చెప్పి తీరాలి. మామూలు సిమెంటుకైతే కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకైతే కనీసం పది రోజులు స్లాబు తడిగా ఉండాలి. స్లాబు మీద నీళ్ళు నిలపడానికి కట్టిన మడులు మూడో రోజుకే ఎండిపోయి కనపడితే అడగండి. అడగడానికి ఇంజనీరు కానక్కర్లేదు.

క్యూబులు స్లాబు మీద పోసే మాలునుంచే, అందరూ చూస్తుండగా తీయాలి. మోల్డులో నింపగానే తేదీ, కలిపిన మాలు తెచ్చిన లారీ నంబరు రాసిన చీటీ మీద భవనం వాడేవాళ్ళు కూడా సంతకం చేయాలి. హెడ్‌మాస్టరో, నర్సో, తల్లిదండ్రుల కమిటీలో ఒకరో. చీటీ క్యూబులోనే గట్టిపడిపోవాలి. ఇదిగో, ఈ క్యూబు మీద చూడండి, అంచున కాగితం అతుక్కుని ఉంది. ఇలా చేసిన మొదటి సైటు క్యూబు ఇది. అందుకే దాచుకున్నాను. ఇది 27 దాకా మోసింది, 39 కాదు. ఎం25 స్లాబుకు 27 నిజం అంకె.

ఇంకొక్క విషయం. మోసం ఎక్కువగా జరిగేది చివరి లారీల దగ్గర. పొద్దున అందరూ ఉంటారు, కొబ్బరికాయ కొడతారు, ఫోటోలు దిగుతారు. మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి పెద్దవాళ్ళు వెళ్ళిపోతారు. ఏడో లారీ, ఎనిమిదో లారీ వచ్చేసరికి చీకటి పడుతుంది, ట్రాఫిక్‌లో ఆగి మాలు బిగుసుకుపోయి ఉంటుంది, డ్రైవరు పైపు పెట్టి నీళ్ళు వదులుతాడు. అప్పుడు అక్కడ ఉండాలి.

వచ్చే ఆదివారం మా వీధిలో బడికి మొదటి అంతస్తు స్లాబు వేస్తున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఒప్పుకున్నారు, మేస్త్రి కూడా రమ్మన్నాడు. పొద్దున ఆరింటికి మొదలు. తొమ్మిది లారీలు వస్తాయి. గుమ్మం దగ్గర టేబుల్ మీద పుస్తకం పెట్టాను. తొమ్మిదో లారీ ఖాళీ అయ్యేదాకా ఉండగలిగినవాళ్ళు అందులో పేరు రాయండి. టోపీలు నేను తెస్తాను.