ముసురులో ఒంగోలు నుంచి నెల్లూరికి సైకిళ్ల మీద

శ్రోతలందరికీ నమస్కారమండీ. మన ఒంగోలు, నెల్లూరు వైపు వానల లెక్కే వేరు. మిగతా చోట్ల జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కురిసి ఊరుకుంటాయి, మనకేమో అసలు వానలు అక్టోబర్లో ఈశాన్య రుతుపవనాలతో మొదలై డిసెంబర్ దాకా వదలవు. హైదరాబాద్‌లో ఉండే మా వాడికి ఈ సంగతి తెలీదు, నవంబర్ కదరా, ఎండా ఉండదు వానా ఉండదు, ఒంగోలు నుంచి నెల్లూరు సైకిళ్ల మీద పోదాం అని ఫోన్ చేశాడు. నేను వద్దనలా. ఎందుకంటే ఆ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది, మనం దక్షిణానికి పోతుంటే ఎడమ పక్క వెనక నుంచి తోస్తానే ఉంటుంది, 120 కిలోమీటర్ల దారిలో అదేమీ చిన్న సాయం కాదు.

సింగరాయకొండ దాకా చినుకులే, అది దాటాక ముసురు పట్టింది. తడవడం గురించి అందరూ భయపడతారు గానీ తొక్కుతున్నంతసేపూ ఒంట్లో వేడి ఉంటుందండీ, చలేసేది ఆగినప్పుడే. నిజంగా చూసుకోవాల్సింది బ్రేకులు. తడి రిమ్ము మీద రబ్బరు వెంటనే పట్టదు, కాస్త ముందు నుంచే మెల్లగా నొక్కుతా ఆ నీళ్లు తుడుచుకోవాలి. రోడ్డు అంచున తెల్ల గీత ఉంటుంది చూశారా, వానలో దాని మీద చక్రం జారుతుంది. ఇక లారీ పక్కన పోయిందంటే నీళ్లు మొహాన కొట్టడం ఒకెత్తు, దాని గాలికి సైకిల్ ఊగడం ఇంకో ఎత్తు.

ఉలవపాడు దగ్గర మా వాడి వెనక టైర్ పంచర్. వానలో పంచర్లు ఎక్కువే, గాజుముక్కలు తడికి టైరుకి అంటుకుపోయి తిరుగుతా తిరుగుతా లోపలికి దిగుతాయి. పైగా తడి ట్యూబు మీద ప్యాచ్ అంటుకోదు కాబట్టి స్పేర్ ట్యూబ్ దగ్గరుండాల్సిందే. టీ బంకు రేకుల కింద కూర్చుని మారుస్తుంటే అక్కడి పెద్దమ్మ, "ఈ ముసురులో సైకిలేంది నాయనా, బస్సుల్లేవా?" అంది. "సరదాకి పెద్దమ్మా" అన్నాడు వీడు. ఆమె వాణ్ణి ఎగాదిగా చూసి ఇంకో టీ పోసింది, దానికి డబ్బులు కూడా తీసుకోలా!

కావలిలో ఇడ్లీ తిన్నాం, పొద్దుగూకే వేళకి పెన్న బ్రిడ్జి దాటాం. తెల్లారి మళ్లీ ఒంగోలుకి తొక్కుదామా అంటాడు వీడు, అదే గాలి ఈసారి మొహానికి కొడుతుంది, నా వల్ల కాదన్నా. సైకిళ్లు రైల్లో బుక్ చేసి వచ్చేశాం. నెల్లూరు నుంచి ఒంగోలు వైపు తొక్కాలంటే వేసవిలో దక్షిణపు గాలికి పోవాలి, అదీ తెల్లారుజామున నాలుక్కే, అప్పుడైతే ఉలవపాడులో పంచర్ పడినా పక్కనే మామిడిపళ్లైనా ఉంటాయి.