పైన్ చెట్టూ పంచదార పలుకూ

శ్రోతలందరికీ నమస్కారం.

మొన్న ఒక ఆదివారం మా మనవరాలితో భీమిలి రోడ్డులో వెళ్తూ, సముద్రం పక్కన సరుగుడు తోట కనిపిస్తే కాసేపు ఆగాం. గాలికి తోటంతా ఒకటే హోరు. ఆ పిల్ల తల పైకెత్తి చూసి, "తాతా, ఇవి పైన్ చెట్లే కదూ? మా పుస్తకంలో బొమ్మ అచ్చం ఇలాగే ఉంది" అంది. కాదని ఊరికే చెప్పేస్తే ఎలా నమ్ముతుంది? కింద రాలిన పచ్చి రెమ్మ ఒకటి తీసి చేతికిచ్చాను. "ఈ సూదిని రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగమ్మా" అన్నాను. లాగింది. సూది టప్పున మధ్యలో ఊడింది, ఒక కణుపు దగ్గర. మళ్లీ అక్కడే గుచ్చితే అతుక్కుపోయింది. చిన్నప్పుడు మేమంతా ఆడిన ఆటే అది. "ఎక్కడ తుంచానో చెప్పుకో చూద్దాం" అని ఒకళ్లనొకళ్లం పందెం వేసుకునేవాళ్లం.

ఊడిన చోట కళ్లు దగ్గరగా పెట్టి చూస్తే కణుపు చుట్టూ బుల్లి పళ్ల వరస ఉంటుంది. ఆరో, ఏడో, ఎనిమిదో ఉంటాయి. సరుగుడు ఆకులంటే అవే. మనం సూది అనుకున్నది ఆకు కాదు, సన్నటి కొమ్మ. ఇంగ్లీషువాళ్లు కూడా దీన్ని చూసి మోసపోయి 'ఆస్ట్రేలియన్ పైన్' అన్నారు. నిజానికి ఇది పూలు పూసే జాతి. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల నుంచి వచ్చి, పంతొమ్మిదో శతాబ్దంలో మన దేశంలో తోటలుగా పెరిగింది. ఇసుకలో బతకడానికి దీని వేళ్లలో ఒక సూక్ష్మజీవి కాపురం ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. మన తీరానికి ఇంత మేలు చేసిన చెట్టు మరొకటి లేదని నా నమ్మకం. అయినా పైన్ మాత్రం కాదు.

మరి పైన్ ఎలా ఉంటుంది? అరకు దారిలోనో లంబసింగి వైపో వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. ఇప్పుడవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ, మా తరానికి అదంతా విశాఖ జిల్లాయే. ఆ పైన్ తోటలు మనుషులు నాటినవి. దక్షిణ భారతంలో పైన్ తనంతట తాను పుట్టిన చోటు లేదు. లోకంలో నూరు పైచిలుకు పైన్ జాతులుంటే దాదాపు అన్నీ భూమధ్యరేఖకు ఉత్తరానివే. సుమత్రా దీవిలో ఒక్క జాతి మాత్రం ఆ గీత దాటి కిందికి దిగింది. మన దేశంలో హిమాలయాల్లో చీర్ పైన్, నీలి పైన్, కిన్నౌర్ వైపు చిల్గోజా, మేఘాలయ కొండల్లో ఖాసీ పైన్ ముఖ్యమైనవి. చిల్గోజా గింజలు మన కిరాణా కొట్లలోనూ దొరుకుతాయి, జీడిపప్పు కంటే బాగా ప్రియం.

పైన్‌ని గుర్తుపట్టాలంటే ఆకుల్ని లెక్కపెట్టాలి. సూదులు విడివిడిగా ఉండవు, కట్టలు కట్టి ఉంటాయి. ఒక్కో కట్టలో రెండో, మూడో, ఐదో. చీర్ పైన్‌కి మూడు, నీలి పైన్‌కి ఐదు. అరకు దారిలో నేను ఏరిన కట్టలో మూడు ఉన్నాయి. ఇక మన అనువాదాల్లో పైన్ కనపడగానే 'దేవదారు' అని రాసేస్తారు. ఇది నా మనసుకి ఎప్పుడూ గుచ్చుకునేదే. దేవదారు వేరే చెట్టు. దాని సూదులు పొట్టి కొమ్మల మీద పువ్వు విచ్చుకున్నట్టు గుత్తులుగా ఉంటాయి. దాని కాయ చెట్టు మీదే రేకులు రేకులుగా విడిపోతుంది, పైన్ కాయ మాత్రం రాలితే చాలామట్టుకు ముక్కలవకుండా రాలుతుంది. మన పూర్వ కవులకి ఈ తేడా తెలుసు. హిమాలయాన్ని వర్ణించేటప్పుడు దేవదారుని దేవదారు అన్నారు, చీర్ పైన్‌ని 'సరళ' అన్నారు. సరళం అంటే వంకర లేనిది. నిటారుగా పెరిగే చెట్టుకి ఇంతకంటే మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది? చేతిలో ఉన్న మాటని వదిలేసుకున్నాం.

ఇక పంచదార సంగతి. మా విశాఖవైపు పంచదార అంటాం, తెలంగాణలో, రాయలసీమలో చక్కెర అంటారు. ఈ చక్కెర అన్న మాట నడిచిన దూరం తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. సంస్కృతంలో శర్కర అంటే మొదట ఇసుక, గులకరాయి. వైద్యులు మూత్రంలో పడే రాళ్ల పొడిని కూడా శర్కర అనే అన్నారు. చెరకు పాకం గడ్డకట్టి పలుకులు పలుకులుగా అయితే, ఇసుకలా ఉంది కాబట్టి ఆ పేరే దానికీ పెట్టారు. ప్రాకృతంలో సక్కర అయింది, మనకి చక్కెర అయింది. పారశీకులు షకర్ అన్నారు, అరబ్బులు సుక్కర్ అన్నారు, అక్కడి నుంచి యూరప్‌కి వెళ్లి షుగర్ అయింది. బెల్లాన్ని ఇంగ్లీషులో జాగరీ అంటాం కదా, అదీ ఈ శర్కరే. మలబారు తీరంలో పోర్చుగీసువాళ్ల నోట పడి అలా మారింది. పిల్లలు చప్పరించే క్యాండీ మన ఖండం, అంటే ముక్క. మనం కండచక్కెర అంటామే, ఆ కండే. మన పటికబెల్లానిది ఇంకో అందం. చూడ్డానికి పటికలా ఉంటుంది, తింటే తియ్యగా ఉంటుంది, రెండూ కలిపి ఒక్క మాట చేసేశారు మనవాళ్లు.

బెల్లం పేరెత్తాక అనకాపల్లి తలుచుకోకుండా ఎలా? దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. చెరకు పరిశోధనా కేంద్రం 1913 నాటిది. చిన్నప్పుడు సంక్రాంతి రోజుల్లో మా మావయ్యగారి ఊళ్లో గానుగ దగ్గరే మా మకాం. రసం పెనంలో పోసి, చెరకు పిప్పే పొయ్యిలో ఎగదోసేవారు. కాస్త సున్నం వేస్తే మడ్డి నురుగై పైకి తేలేది, దాన్ని చేట్లతో తీసి పారబోసేవారు. ఆకుపచ్చగా ఉన్న రసం గోధుమరంగుకి తిరిగి, బుడగలు పెద్దవై, చప్పుడు మారేది. మావయ్య కంటితో కాదు, చెవితో పాకం చూసేవాడు. 'బుడబుడ' పోయి 'గుబగుబ' రాగానే చెంబెడు నీళ్లలో ఒక చుక్క వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి, దాన్ని పెనం అంచుకి కొట్టేవాడు. టక్కుమంటే దించాల్సిందే. మాకు అరిటాకు ముక్కలో వేడి పాకం పెట్టేవాడు, నాలిక కాలినా ఆగేవాళ్లం కాదు. వంద కిలోల చెరకు ఆడితే చేతికొచ్చే బెల్లం పది కిలోల చిల్లర, అంతే. ఇప్పుడు కొనేవాళ్లకి బెల్లం పసుపుపచ్చగా మెరవాలి. ఆ మెరుపు కోసం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతున్నారు. నల్లగా ఉంటే నాసిరకమని పక్కన పెట్టకండి అని నా మనవి. మా మావయ్య చేసిన బెల్లం ఎప్పుడూ చింతపండు రంగులోనే ఉండేది.

చెరకు బంధువు ఒకటుంది, మన గెడ్డల పక్కన తెల్లగా పూసే రెల్లు. తీపి ఉండదు, కానీ మొండిది. కోయంబత్తూరులో ఈ రెల్లు జాతినీ లావుపాటి తీపి చెరకునీ కలిపి 1918లో 'కో 205' అనే రకాన్ని విడుదల చేశారు. చలినీ రోగాన్నీ తట్టుకునే బలం రెల్లు వైపు నుంచి వచ్చిందే.

పైన్‌కీ చక్కెరకీ పొత్తేమిటని మీరు అడగొచ్చు. ఉంది. అమెరికా పడమటి కొండల్లో ఒక చెట్టు పేరే షుగర్ పైన్. పైన్లన్నిటిలోకీ అదే ఎత్తు, అరవై మీటర్లు దాటి పెరుగుతుంది. దాని కాయ మూరెడు పొడుగుంటుంది. నిజమైన మూర, మోచేతి నుంచి వేలి కొస దాకా. డేవిడ్ డగ్లస్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడి మూలవాసి ఒకరి పొగాకు సంచిలో ఈ గింజలు చూసి, చెట్టు కోసం వెతుక్కుంటూ వెళ్లాడు. 1826 అక్టోబరులో దొరికింది. కాయలేమో కొమ్మల కొసలకి ఎక్కడో ఆకాశంలో వేలాడుతున్నాయి. ఎక్కడం కుదరక తుపాకీతో పేల్చి రాల్చాడు. ఆ చప్పుడుకి ఆయుధాలతో ఎనిమిది మంది మూలవాసులు వచ్చేశారు. పొగాకు ఇస్తాను, ఇంకొన్ని కాయలు తెచ్చిపెట్టండి అని వాళ్లని పంపి, వాళ్లు కనుమరుగు కాగానే ఉన్న మూడు కాయలతో పరుగు పెట్టాడు. ఆ మూడు కాయలే లోకానికి ఆ చెట్టుని పరిచయం చేశాయి.

చెట్టుకి గాయమైన చోట తెల్లగా ముత్యాల్లా ఊరి గడ్డకడుతుంది, అదే దాని చక్కెర. మేపుల్ చెట్టు చక్కెర కంటే ఇదే రుచి అని అడవుల్లో తిరిగిన జాన్ మ్యూర్ రాశాడు. ఎక్కువ తింటే విరేచనాలవుతాయని కూడా చెబుతారు. అందులో ఉన్న తీపి పదార్థానికి పైన్ పేరు మీదే పినిటాల్ అని పేరు. చిత్రం ఏమిటంటే, అదే పినిటాల్ మన ప్రహరీ గోడల మీద గులాబీరంగులో పూసే కాగితంపూల చెట్టు ఆకుల్లోనూ ఉంది. అలాగని ఎవరూ షుగరు జబ్బుకి ఆ ఆకులు నమలకండి, డాక్టరుగారిని అడగండి.

టర్కీ, గ్రీసు దేశాల్లో పైన్ తేనె అని ఒకటుంది. పైన్‌కి పూల మకరందం ఉండదు కదా, తేనె ఎలా? బెరడులో ఒక చిన్న పురుగు చేరి చెట్టు రసం పీల్చి, మిగులు తీపిని చుక్కలుగా వదులుతుంది. తేనెటీగలు ఆ చుక్కలు ఏరుకుని తేనె చేస్తాయి.

తీపి కాకుండా పైన్ మన ఇంటికి ఇంకో దారిలోనూ వస్తుంది. చీర్ పైన్ బంకని బట్టీలో మరిగిస్తే ఆవిరిగా వచ్చేది టర్పెంటైన్, అడుగున మిగిలేది రోజిన్. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి విజయనగరం మనకి పక్కనే. వాయులీనం కమానుకి రోజిన్ రుద్దకపోతే తీగ పలకదు. ఇక టర్పెంటైన్ నుంచి తయారయ్యేది కర్పూరం. కర్పూరం చెట్టు వేరే ఉంది, కానీ ఇవాళ మనం హారతికి వెలిగించే బిళ్లల్లో చాలావరకు పైన్ టర్పెంటైన్ నుంచి చేసినవే. సింహాద్రి అప్పన్న ముందు హారతి కళ్లకద్దుకుంటున్నప్పుడు నాకు ఆ పైన్ అడవులు గుర్తొస్తాయి.

అప్పన్న కొండ అనగానే అనాసపళ్లు. ఇంగ్లీషులో పైనాపిల్ అన్న మాటకి మొదటి అర్థం పైన్ కాయే. అమెరికా నుంచి వచ్చిన పండు ఆ కాయలా ఉందని దానికీ ఆ పేరు అంటించారు. మనం అనాస అని దాని పుట్టింటి పేరే నిలబెట్టాం. పోలిక మాత్రం నిజం. అనాస కళ్లని ఏటవాలుగా లెక్కపెట్టండి, ఒకవైపు ఎనిమిది వరసలు, రెండోవైపు పదమూడు. పైన్ కాయల్లోనూ తరచుగా ఇవే అంకెలు.

అరకు దారి నుంచి తెచ్చిన పైన్ కాయ ఒకటి మా వంటింటి అలమరలో బెల్లం డబ్బా పక్కన ఉంది. పొడి గాలికి దాని రేకులు విచ్చుకుంటాయి, చెమ్మ తగిలితే ముడుచుకుంటాయి. చెట్టు నుంచి వేరై ఎన్నేళ్లయినా ఈ పని మానదు. రేకు లోపలి పొరా బయటి పొరా తేమకి ఒకేలా ఉబ్బవు, అందుకని వంగుతాయి. బెల్లానిదీ చెమ్మతో అలాంటి బంధమే. అందులో గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసి ఉండటం వల్ల గాలిలో తడిని లాక్కుని కారిపోతుంది. పంచదార అంత తొందరగా చెమర్చదు. మన విశాఖ సముద్రపు గాలికి ఈ రెండు వస్తువులూ ఒకేసారి స్పందిస్తాయి. అల్పపీడనం పట్టిన రోజున పొద్దున్నే మా మనవరాలు ఆ కాయని చూసి వంటింట్లోంచి కేక వేసింది, "అమ్మమ్మా, కాయ ముడుచుకుంది, బెల్లం డబ్బా మూత గట్టిగా బిగించు!"

నమస్కారం.