ఓసీఐ కార్డు ఉంటే భారత పౌరులమేనా?

అందరికీ నమస్కారం. అమెరికా పౌరసత్వానికి అప్లై చేసినవాళ్లు, చేయాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డే ఓసీఐ, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా. "ఓసీఐ ఉందిగా, రెండు పౌరసత్వాలూ ఉన్నట్టే" అని మనవాళ్లు ధీమాగా అంటుంటారు. అది నిజం కాదు.

అమెరికా చట్టం రెండో పౌరసత్వానికి అడ్డు చెప్పదు. ఒప్పుకోనిది మన దేశం. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మనంతట మనం వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరూ రద్దు చేయక్కర్లేదు. అందుకే అమెరికా పౌరులుగా ప్రమాణం చేశాక, గడువు ఎంత మిగిలి ఉన్నా సరే, పాత భారత పాస్‌పోర్టుతో విమానం ఎక్కకండి. అది నేరం. దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోండి. ఓసీఐ దరఖాస్తులో అదీ అడుగుతారు.

2005 సవరణతో వచ్చిన ఓసీఐ నిజానికి జీవితకాల వీసా. ఎన్నిసార్లైనా వెళ్లి రావచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఓటు మాత్రం ఉండదు, ఎన్నికల్లో నిలబడలేం. ఇది న్యాయమేనని నా అభిప్రాయం. ఆ ప్రభుత్వం కింద రోజూ బతికేవాళ్లే దాన్ని ఎన్నుకోవాలి.

ఇక పొలం సంగతి. సిటిజన్ అయితే నాన్న పొలం చేజారుతుందని ఎంతమంది టెన్షన్ పడుతున్నారో నాకు తెలుసు. చేజారదు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మనం కొత్తగా కొనలేం, అంతే. ఫెమా, అంటే విదేశీ మారక నిర్వహణ చట్టం కింద ఉన్న ఈ నిబంధన భారత పాస్‌పోర్టుతో ఇక్కడ ఉంటున్న ఎన్నారైలకూ ఉంది. ఇండియాలో ఉన్నప్పుడు కొన్న పొలాన్ని ఉంచుకోవచ్చు. తల్లిదండ్రుల పొలం వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. కానీ వాళ్లు బతికుండగా గిఫ్ట్ డీడ్ రాసిస్తామంటే నిబంధనలు ఒప్పుకోవు. ఇక్కడే చాలా కుటుంబాలు చిక్కుల్లో పడుతున్నాయి. దయచేసి ఈసారి ఊరెళ్లినప్పుడు ఇంట్లో కూర్చుని వీలునామా గురించి మాట్లాడండి. ఆ మాట ఎత్తడం కష్టమే, అయినా మాట్లాడండి. తర్వాత అమ్మాల్సి వస్తే అక్కడ నివసించే భారత పౌరులకే అమ్మాలి.

పిల్లల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. వాళ్లకు 20 ఏళ్లు నిండేదాకా పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ వెబ్‌సైట్‌లో పెట్టాలి.

తిరిగి భారత పౌరులు కావాలనుకునేవాళ్లకు దారి ఉంది. ఓసీఐగా నమోదై అయిదేళ్లు నిండాలి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇండియాలో నివసించాలి, అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.