ఏ బరంపురం?

శ్రోతలందరికీ నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి మలుపు దగ్గర ఒక కిరాణా కొట్టుంది. కొట్టు మావయ్యకి డెబ్బై దాటాయి. పొద్దున్న వచ్చిన పేపరు ఆయన చదివి మడత పెట్టాకే మిగతా వీధి చేతికొస్తుంది. ఒకరోజు అరకిలో బెల్లానికి వెళ్తే, బెల్లం సంగతి పక్కనపెట్టి నన్ను నిలదీశాడు. "ఏం మేష్టారూ, నేపాల్ కరెంటు మన బరంపురం మీంచి బంగ్లాదేశ్ పోతోందట! మరి మనకి ఈ కోతలేటి? దారిలో నాలుగు బల్బులకి సరిపడా దింపుకోలేరా?"

నాకు నవ్వాగలేదు. వార్త నిజమే. బరంపురమే మన ఒడిశాది కాదు. అది పశ్చిమ బెంగాల్లో, ముర్షిదాబాద్ జిల్లాలో ఉన్న బహరంపూర్. ఆ మాట చెప్తే మావయ్య ముఖం చిన్నబుచ్చుకుని బెల్లం తూచి ఇచ్చాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆయన ప్రశ్న నన్ను వదల్లేదు. దారిలో దింపుకోలేరా అన్నాడు కదా. ఒక దేశం కరెంటు రెండో దేశం మీదుగా మూడో దేశానికి పోతోంది. మధ్యలో ఎంత దిగిందో, ఎంత చేరిందో ఎవరు చూస్తారు? లెక్క ఎవరు రాస్తారు?

నాకిచ్చిన అంశం పునరుత్పాదక ఇంధనం కోసం ప్రపంచ దేశాల సహకారం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి నేను. ఇంత బరువైన మాట పదిసార్లు పలికితే మా ఊళ్లో ఊరుకోరు. అందుకని 'తరగని కరెంటు' అంటాను. ఎండ కరెంటు, గాలి కరెంటు, ఏటి నీటి కరెంటు.

ఈ తరగని కరెంటు కోసం దేశాలు కూడబలుక్కోవడం చాలాకాలంగా జరుగుతోంది. 2009లో దీనికోసమే ఒక అంతర్జాతీయ సంస్థ పుట్టింది, దాని కార్యాలయం అబుదాబిలో ఉంది. 2015లో పారిస్‌లో భారత్, ఫ్రాన్స్ కలిసి అంతర్జాతీయ సౌర కూటమిని మొదలుపెట్టాయి. దాని కార్యాలయం మన గురుగ్రామ్‌లోనే ఉంది, వందకు పైగా దేశాలు చేరాయి. 2023లో దుబాయ్ వాతావరణ సభలో, 2030 నాటికి ప్రపంచంలో తరగని కరెంటు సామర్థ్యాన్ని మూడింతలు చెయ్యాలనుకున్నారు. అంటే సుమారు 11,000 గిగావాట్లు. మంచి మాటే. కాకపోతే సభల్లో సంతకాల ఫొటోలు చూసినప్పుడల్లా నా కళ్లు ఒకదాని కోసం వెతుకుతాయి. మీటరు. అది ఎక్కడ పెట్టారు? రీడింగు ఎవరు తీస్తారు? ఆ ఫొటోలో అది ఎప్పుడూ కనపడదు.

అందుకే ఇవాళ మావయ్య చదివిన వార్త ఒక్కటే చెప్తాను. పూర్తిగా చెప్తాను.

నేపాల్‌కి ఏర్లే ఆస్తి. మంచుకొండల మీంచి దూకే ఏర్లు. అక్కడి జలవిద్యుత్ కేంద్రాల్లో చాలావాటికి వెనక పెద్ద జలాశయం ఉండదు. ఏరు ఎంత పారితే అంత కరెంటు. వానాకాలంలో వాడుకోగా మిగులుతుంది. చలికాలంలో ఏర్లు సన్నగిల్లి తరుగు పడుతుంది, అప్పుడు మన దేశం నుంచే కొనుక్కుంటారు. ఇక బంగ్లాదేశ్. అరచేయిలా చదునైన నేల. నీళ్లు కావలసినన్ని ఉన్నాయి, దూకడానికి కొండలు తక్కువ. ఎక్కువగా గ్యాసు, బొగ్గు, నూనె కాల్చుకుంటూ బతకాలి. ఒకరింట్లో మిగులు, ఇంకొకరింట్లో కొరత. మధ్యలో భారతదేశం.

2018లో ఆ రెండు దేశాలూ ఒక అవగాహన రాసుకున్నాయి. సరే అనుకోవడానికి ఒక్కరోజు చాలు. ధర తేలాలి, తీగ తేలాలి, మధ్యలో ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. ఆరేళ్లు పట్టింది. 2024 జూలైలో సంతకాలకి ముహూర్తం కుదిరిందనుకుంటే ఢాకాలో గొడవలు ముదిరాయి, ఆగస్టులో ప్రభుత్వమే కూలిపోయింది. మన వైపు అయితే ఇలాంటి ఫైలు అటక ఎక్కేదే. అక్కడ ఎక్కలేదు. అక్టోబరు 3న ఖాట్మండులో మూడు పక్షాలూ కూర్చుని సంతకాలు చేశాయి. నేపాల్ విద్యుత్ ప్రాధికార సంస్థ, బంగ్లాదేశ్ విద్యుత్ అభివృద్ధి బోర్డు, మనవైపు నుంచి ఎన్‌టీపీసీ విద్యుత్ వ్యాపార్ నిగమ్. 40 మెగావాట్లు. ఏటా జూన్ 15 నుంచి నవంబరు 15 వరకు, ఐదేళ్లపాటు. యూనిట్‌కి 6.4 అమెరికన్ సెంట్లు, అంటే మన అయిదు రూపాయల పైచిలుకు.

మొదటిసారి కరెంటు పారింది ఎప్పుడనుకున్నారు? 2024 నవంబరు 15న. అంటే సీజన్‌కి అదే మొదటి రోజు, అదే ఆఖరి రోజు. చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. కొత్త కొళాయికి నీళ్లు వస్తాయా రావా అని ఒకసారి తిప్పి చూడమా? అలాంటిదే అది. మళ్లీ 2025 జూన్‌లో మొదలెట్టారు.

ఆ కరెంటు పుట్టిన చోట్లలో త్రిశూలి ఒకటి. ఒకప్పుడు భారతదేశం సాయంతో కట్టిన కేంద్రం అది. కట్టిననాడు ఈ కరెంటు ఢాకాకి పోతుందని ఎవరనుకుని ఉంటారు?

ఇప్పుడు మావయ్య ప్రశ్నకొద్దాం. త్రిశూలిలో పుట్టిన కరెంటే బంగ్లాదేశ్‌లో బల్బుని వెలిగిస్తుందా? కాదు. ఇక్కడే నాకు మనియార్డరు గుర్తొస్తుంది. పూర్వం మా నాన్నగారు ఖరగ్‌పూర్ నుంచి మనియార్డరు పంపేవారు. పోస్ట్‌మాన్ నోట్లు లెక్కపెట్టి మా అమ్మ చేతిలో పెట్టేవాడు. అవి మా నాన్న ఇచ్చిన నోట్లేనా? కావు. అక్కడ ఆయన కట్టారు, ఇక్కడ మాకిచ్చారు. మధ్యలో నడిచింది లెక్క. కరెంటూ అంతే. నేపాల్ తన 40 మెగావాట్లని మన దేశపు తీగల్లో కలుపుతుంది. అదే వేళకి మనవాళ్లు బహరంపూర్ దగ్గర అంత కరెంటుని బంగ్లాదేశ్‌కి వదుల్తారు. నేపాల్ కరెంటు బీహార్‌లో ఏ పిండిమిల్లు తిప్పిందో ఎవరికి తెలుసు, ఎవరికి కావాలి?

కాబట్టి అంతా మీటరు మీదే ఉంది. నేపాల్‌లో ధల్కేబర్ అనే చోటినుంచి బీహార్‌లోని ముజఫర్‌పూర్‌కి 400 కిలోవోల్టుల లైను ఉంది. అమ్మకం లెక్క ముజఫర్‌పూర్‌లో తీస్తారు. తీగలో పోయేటప్పుడు కరెంటు కొంత వేడై పోతుంది. చిల్లు బస్తాలో జీడిపిక్కలు తీసుకెళ్తే దారిపొడవునా రాలినట్టు. ముజఫర్‌పూర్ దాకా రాలింది నేపాల్ ఖాతాలో. అక్కణ్ణుంచి రాలింది బంగ్లాదేశ్ ఖాతాలో. బస్తా ఏ మలుపులో చేతులు మారుతుందో ముందే రాసుకున్నారు. నన్నడిగితే ఆ ఒప్పందం మొత్తంలో అసలైన పేజీ అదే. స్నేహం, సౌహార్దం అన్న మాటలు మిగతా పేజీల్లో ఉండే ఉంటాయి.

ఇంకో చిక్కుంది. మన తీగల్లో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. బంగ్లాదేశ్‌లోనూ అంతే. కానీ ఆ ఊపూ ఈ ఊపూ కలిసి ఉండవు, వాళ్ల అడుగు వాళ్లది, మన అడుగు మనది. అడుగు కలవకుండా రెండు తీగలూ ముడేస్తే పెద్ద ప్రమాదం. మరి ఎలా?

మా ఊరి పెద్దవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. నౌపడా చిన్న రైలు గుర్తుందా? మా రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది, పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. మద్రాసు మెయిలు మా పట్టాల మీదికి రాదు, మా రైలు ఆ పట్టాల మీదికి పోదు. నౌపడాలో దిగాలి, మూటలు నెత్తిన పెట్టుకుని ఇవతలికి నడవాలి, చిన్న రైలు ఎక్కాలి. మా నాయనమ్మ చింతపండు బుట్ట దించి, ఎక్కించి, మళ్లీ లెక్కపెట్టుకునేది. మనిషీ సరుకూ దాటేవి, రైళ్లు మాత్రం కలిసేవి కావు.

బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గర భేరామారాలో సరిగ్గా అలాంటి నౌపడా కట్టారు. మన ఊగే కరెంటుని అక్కడ దించి, ఊగని నేరు కరెంటుగా మారుస్తారు. మళ్లీ దాన్ని వాళ్ల అడుగుకి తగ్గట్టు ఊగించి వాళ్ల తీగల్లోకి ఎక్కిస్తారు. 2013లో 500 మెగావాట్లతో మొదలైంది, 2018లో ఇంకో 500 చేర్చారు. బంగ్లాదేశ్ వైపు ఖర్చుకి ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పిచ్చింది. ఒకరి ఏరు, ఒకరి తీగ, ఒకరి అప్పు, ఒకరి దీపం. అన్నీ కలిసి నేపాల్ నుంచి ఈ ఒప్పందంతో వచ్చింది 40 మెగావాట్లు.

40 అంటే ఎంత? మన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 120 మెగావాట్లు. అందులో మూడోవంతు. ఢాకా లాంటి మహానగరానికి ఏ మూలకీ చాలదు. అయినా ఇది చిన్న విషయం కాదంటాను.

మాచ్‌ఖండ్ పేరు ఊరికే తీయలేదు. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్నది అది. డుడుమా జలపాతం నీళ్లతో 1955లో కరెంటు మొదలైంది. మొదట్లో ఆంధ్రవాళ్ల వాటా ఎక్కువ, తర్వాత సగం సగం అన్నారు. ఖర్చుల మీద, మరమ్మతుల మీద ఎన్ని పేచీలు! ఒకే దేశంలో ఉన్న ఇద్దరు అన్నదమ్ముల మధ్యే ఇంత ఉంటే మూడు దేశాల సంగతి చెప్పాలా? కొరాపుట్ కొండల్లో ఆ నీళ్ల కింద ఊళ్లు పోగొట్టుకున్న వాళ్లకి దీపం ఎన్నాళ్లకి వచ్చిందన్నది ఇంకో ప్రసంగం. నాకు టైమిస్తే చెప్తాను.

సరే, టైము దగ్గర పడుతోంది. ఒక్క పనికొచ్చే మాట చెప్పి ముగిస్తాను.

ఈమధ్య మన వీధుల్లో మేడల మీద సౌర పలకలు పెడుతున్నారు. కేంద్రం 2024లో పీఎం సూర్యఘర్ పథకం పెట్టింది. మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. పగలు మీ పలకల్లో మిగిలింది వీధి తీగలోకి పోతుంది, రాత్రి వీధి నుంచి మీరు తీసుకుంటారు, నెట్ మీటరు ఈ రెంటినీ రాస్తుంది. చూశారా, మళ్లీ మనియార్డరే. మీరే నేపాల్.

మా మావయ్య కూడా పెట్టించుకుందామని బయల్దేరాడు. "తిత్లీ తుఫానప్పుడు ఎన్ని రాత్రులు చీకట్లో ఉన్నాం మేష్టారూ! ఈసారి తుఫానొచ్చినా నా కొట్టు వెలుగుతాది" అన్నాడు.

2018 అక్టోబరు మా గజపతి జిల్లాలో ఎవరూ మర్చిపోరు. స్తంభాలు అగ్గిపుల్లల్లా విరిగాయి. మా వీధిలో ఫోను చార్జింగ్ కోసం జనరేటరున్న ఇంటి ముందు లైను కట్టాం. అందుకే మావయ్యని కూర్చోబెట్టి చెప్పాను, మీకూ చెప్తున్నాను. బ్యాటరీ లేకుండా వీధి తీగకి కలిపిన మామూలు సౌర పలకలు, వీధిలో కరెంటు పోగానే ఆగిపోతాయి. నడినెత్తిన ఎండ మండుతున్నా ఆగిపోతాయి. మళ్లీ చెప్తున్నాను, వీధిలో కరెంటు పోతే అవీ పోతాయి.

పాడైపోయి కాదు, కావాలనే అలా చేశారు. స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. వీధి లైను ఆపామన్న ధీమాతో తీగ పట్టుకుంటాడు. మీ మేడ మీంచి కరెంటు ఆ తీగలోకి వస్తే? అందుకని మీ పలకల కరెంటుని వీధి కరెంటులా మార్చే ఇన్వర్టరు ఎప్పుడూ వీధి తీగ అడుగు వింటూ, దానితో అడుగు కలిపి నడుస్తుంది. ఆ అడుగు వినపడకపోతే నిలబడిపోతుంది.

తుఫాను రోజున దీపం కావాలంటే బ్యాటరీ ఉండాలి, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టరు, అంటే వీధిలో కరెంటు లేకపోయినా బ్యాటరీతో నడిచేది, ఉండాలి. ఖర్చు పెరుగుతుంది. ఇల్లంతా అక్కర్లేదు, రెండు లైట్లు, ఒక ఫాను, ఫోను చార్జింగ్ చాలనుకుంటే చిన్నది సరిపోతుంది. అమ్మేవాడు ఈ మాట తనంతట తాను చెప్పడు, చాలామంది చెప్పరు. కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "బాబూ, వీధిలో కరెంటు పోతే నా ఇంట్లో ఏది వెలుగుతుంది?" జవాబు కొటేషన్‌లోనే రాయించుకోండి.

మావయ్య అడిగాడు. ఆ కుర్రాడు కాసేపు తల గోక్కుని, "బ్యాటరీ వేరే అండీ" అన్నాడట. మావయ్య బేరమాడి చిన్న బ్యాటరీ ఒకటి వేయించుకున్నాడు. దాన్ని బెల్లం డబ్బాల పక్కన, నేలకి రెండడుగుల ఎత్తున, వాన నీళ్లు వచ్చినా తడవకుండా పెట్టించాడు. ఇప్పుడు పేపర్లో కరెంటు వార్త వస్తే నాకోసం దాచి ఉంచుతున్నాడు. మొన్న నన్ను చూడగానే కళ్లజోడు పైకి తోసుకుని, "ఇదిగో మేష్టారూ, మళ్లీ రాశారు. ముందిది చెప్పండి, ఏ బరంపురం?" అన్నాడు.

సెలవు.