కుట్లు మానాలంటే నీళ్లు తాగనివ్వండి

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో ఆపరేషన్ కాన్పు అయి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చే సర్కారు బండి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరు చేరిన బాలింతకు గడప దాటగానే ఎదురయ్యేది పత్యం. నీళ్లు తాగితే కుట్లకు చీము పడుతుందని, పప్పు తింటే పుండు మానదని అవ్వలు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ కోత మానడానికి కావలసినవి ఆ రెండే.

అసలు ఏం కోస్తారో తెలిస్తే సంగతి అర్థమవుతుంది. ముందు చర్మం, దాని కింద కొవ్వు, ఆ తర్వాత కండరాలను కప్పి ఉండే గట్టి పొర. కండరాలను మామూలుగా కోయరు, మధ్యలో విడదీసి పక్కలకు జరుపుతారు. ఇంకా లోపల ఒక పల్చటి పొర, చివరికి గర్భసంచి. బిడ్డను తీయడం చాలాసార్లు పది నిమిషాల్లో అయిపోతుంది. తిరిగి ఒక్కో పొరా కుట్టుకుంటూ రావడానికే అరగంట, ముప్పావుగంట పడుతుంది. పైన చర్మం వారం పది రోజుల్లో అతుక్కున్నట్టు కనబడుతుంది. లోపలి గట్టి పొరకు మాత్రం బలం రావడానికి కనీసం ఆరు వారాలు కావాలి.

ఆ పొర అతుక్కునేది మాంసకృత్తులతో. కందిపప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు, వేరుశనగ, ఉలవలు, అన్నింట్లోనూ అవి ఉన్నాయి. నెల రోజులూ వెల్లుల్లి కారంతో అన్నం మాత్రమే పెడితే శరీరం దేనితో అతకాలి? చీము పట్టేది పప్పు వల్ల కాదు, క్రిముల వల్ల. రక్తం తక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నా, కోత దగ్గర తడి నిలిచినా ఆ ప్రమాదం పెరుగుతుంది. రాగిసంగటి, మునగాకు, పప్పు ఇంట్లో ఉండగా బాలింతను పస్తు పెట్టడం న్యాయం కాదు.

నీళ్ల మాటకొస్తే, పాలిచ్చే తల్లి రోజుకు రెండున్నర, మూడు లీటర్లు తాగాలి. తక్కువైతే మూత్రంలో మంట, మలబద్ధకం వస్తాయి. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. ఇంకో సంగతి. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా రక్తం తొందరగా గడ్డకట్టే స్వభావంతో ఉంటుంది. నీళ్లు తాగక, మంచం దిగకపోతే కాలి రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడవచ్చు. అందుకే 24 గంటల లోపే లేపి నడిపిస్తారు. అది నర్సమ్మ కఠినత్వం కాదు.

లేచేటప్పుడు నేరుగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి వదిలి, మోచేత్తో ఒత్తుకుంటూ కూర్చోవాలి. దగ్గు, తుమ్ము వస్తే దిండును కోత మీద అదిమిపట్టుకోవాలి. పాలు పట్టేటప్పుడు పక్కకు పడుకున్నా సరే, బిడ్డను చంక కింద ఆనించుకున్నా సరే, కోత మీద బరువు పడదు. పాలు పడడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. బిడ్డ చప్పరించే కొద్దీ పడతాయి, డబ్బా పాలకు తొందరపడొద్దు.

డాక్టర్ స్నానం చేయమన్నాక, రోజూ సబ్బు నీళ్లతో కోతను మెల్లగా కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. పసుపు, బూడిద, నూనె పెట్టొద్దు. పొట్ట మడతపడే చోట చెమట నిలుస్తుంది, అక్కడ చూపు ఉండాలి. ఆరు వారాల దాకా బిడ్డ కంటే బరువైనది ఎత్తకూడదు. నీళ్ల బిందె, పాల క్యాను, గడ్డిమోపు ఇంకొకరు మోయాలి. ఐరన్ మాత్ర రోజుకొకటి ఆరు నెలలు, క్యాల్షియం రోజుకు రెండు. రెంటినీ కలిపి మింగొద్దు, రెండు గంటల తేడా ఉండాలి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కోత ఎర్రబడి చీము కారినా, మైల దుర్వాసన వచ్చినా, గంటకో ప్యాడ్ తడిసిపోయినా, ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, తలనొప్పితో కళ్లు మసకబారినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

అలిపిరి మెట్లెక్కి వస్తామని మొక్కుకున్న వాళ్లు చాలామంది ఉంటారు. 3,550 మెట్లు రెండో నెలలోనే ఎక్కనక్కర్లేదు, స్వామి ఆగుతాడు. మళ్లీ గర్భానికి కూడా రెండేళ్లు ఎడం ఇస్తే గర్భసంచి మచ్చ గట్టిపడుతుంది.

డిశ్చార్జి కాగితం మాత్రం పారేయకండి. గర్భసంచిని అడ్డంగా కోశారా, నిలువుగానా, ఎందుకు కోయాల్సి వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. మలి కాన్పు మామూలుగా ప్రయత్నించవచ్చా లేదా అని డాక్టర్ తేల్చేది దాన్ని చూసే. ప్లాస్టిక్ కవరులో పెట్టి, బిడ్డ టీకాల కార్డుతో కలిపి దాచండి.