నాలుగో మంచం పక్క కిటికీ
(ఒక గ్రామ గ్రంథాలయ వార్షికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నా దగ్గర చదువుకున్న పిల్లలకు, ఆ పిల్లల పిల్లలకు పేరుపేరునా నమస్కారం చెప్పాలి. కానీ ఎక్కువసేపు నిలబడలేను. అందరికీ కలిపి ఒకటే నమస్కారం, మన్నించండి. కార్యదర్శి గారు కుర్చీ వేయించారు, కూర్చునే మాట్లాడతాను.

నాకిచ్చిన అంశం ‘గోదావరి డెల్టా ప్రకృతి సౌందర్యం’. ఎనిమిది పేజీలు రాసుకొచ్చాను. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలడం, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోవడం, 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, కోరింగ మడ అడవులు, అన్నీ ఉన్నాయి. అవన్నీ ఈ బీరువాల్లోని పుస్తకాల్లో కూడా దొరుకుతాయి. పుస్తకాల్లో దొరకని మాట నా దగ్గర ఒకటుంది. అది చెప్పి వెళ్తాను.

మీలో చాలామందికి తెలుసు, ఆరేళ్లుగా నేను డయాలిసిస్ మీద ఉన్నాను. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. నా ఎడమ చేతిలో ధమనిని, సిరను కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. ఇక్కడ వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. ముందు వరుసలో పాప తొంగి చూస్తోంది. రామ్మా, వేలు పెట్టి చూడు. భయం లేదు. తెలిసిందా? ఆ జుమ్మనడం రోజూ పొద్దున్నే లేవగానే చూసుకుంటాను. అది ఆగితే పరుగున ఆసుపత్రికి వెళ్లాలి.

నాకు రోజుకు లీటరు లోపే నీళ్లు. మజ్జిగ, కాఫీ, పప్పుచారు అన్నీ ఆ లెక్కలోనే. కొబ్బరినీళ్లు అసలు కూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ, గుండెకు ప్రమాదం. కోనసీమలో పుట్టి, ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు పెట్టుకుని, ఇంటికొచ్చిన వారికి బొండాం కొట్టించి ఇచ్చి, నేను పక్కన కూర్చుంటాను. మరో సంగతి. యంత్రం మీద ఉన్న నాలుగు గంటల్లో దాదాపు 120 లీటర్ల నీరు నా రక్తాన్ని కడిగి బయటికి పోతుంది. ఆ నీరు ఎక్కడిదని టెక్నీషియన్ కుర్రాడిని అడిగాను. ‘మున్సిపాలిటీ కుళాయిదేనండీ, శుద్ధి చేసి వాడతాం’ అన్నాడు. కుళాయికి ఎక్కడి నుంచి వస్తుంది? మన కాలువ నుంచే. ఆ రోజు నుంచి కాలువలో ఎవరైనా చెత్త సంచి విసిరితే నా మీద విసిరినట్టే ఉంటుంది.

కాలువ మాట వచ్చింది కాబట్టి కిటికీ గురించి చెప్పాలి. నేను చెప్పాలనుకున్నది అదే.

ఆసుపత్రి పేరు వద్దు. అక్కడి నర్సులు నన్ను కన్నకూతుళ్లలా చూసుకున్నారు. నాది నాలుగో మంచం. పక్కన పెద్ద కిటికీ, బయట కాలువ గట్టు. కానీ అద్దాలకు నల్లటి కాగితం అంటించేశారు. ఎండ రాకూడదని, ఏసీ చల్లదనం పోకూడదని. గదిలో ఎనిమిది మంచాలు, ఎనిమిది యంత్రాలు, గోడకు టీవీ. మొదటి ఏడాది ఆ నల్ల కాగితాన్నే చూస్తూ గడిపాను.

ఐదో మంచం మీద ఒక దింపు కార్మికుడు ఉండేవారు. ముప్పై ఏళ్లు కొబ్బరి చెట్లెక్కిన మనిషి. అరికాళ్లు చెట్టు బెరడులాగే ఉండేవి. మాట తక్కువ. ఒకరోజు తనంతట తానే అన్నారు: ‘టీచరుగారూ, చెట్టు మొవ్వు దగ్గర కూర్చుంటే కింద నేల కనబడదండీ. ఆకుల మీద ఆకులు, పచ్చగా సముద్రంలా ఊగుతాయి. దాని అవతల అసలు సముద్రం, గీత గీసినట్టు. మధ్యాహ్నం దాటాక అక్కడి నుంచి గాలి బయలుదేరితే, ముందు దూరపు చెట్లు వంగుతాయి, తరువాత దగ్గరివి, ఆ తరువాత నా చెట్టు.’

ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పాను. గాలి నడిచి రావడాన్ని అంత చక్కగా ఏ వ్యాసంలోనూ ఏ పిల్లవాడూ రాయలేదు. నేనూ రాయలేదు.

తరువాతి వారం ఆయన తన వంతు కాగానే నా మంచం పక్కకు వచ్చి, బొటనవేలి గోరుతో కిటికీ మూల కాగితాన్ని గీకారు. వచ్చిన ప్రతిసారీ కొంచెం. నెల తిరిగేసరికి అరచేయంత వెలుతురు వచ్చింది. అందులోంచి ఒక గానుగ కొమ్మ, దాని కింద కాలువ నీరు, నీటి మీద గుర్రపుడెక్క. బడిలో నేనే పిల్లలకు చెప్పేదాన్ని, అది కాలువలను పూడ్చేసే కలుపు అని. ఇప్పటికీ అదే చెబుతాను, తీయించవలసిందే. కానీ దాని పువ్వును దగ్గరగా చూశారా? లేత ఊదా రంగు రేకులు ఆరు. పై రేకు మీద మాత్రం నెమలికన్నులాంటి పసుపు చుక్క, చుట్టూ నీలం. అదంతా ఆ అరచేయంత సందులోంచి చూశాను. గానుగ కొమ్మ మీదికి లకుముకి పిట్ట వచ్చేది. తెల్లని గొంతు, ఎర్రని ముక్కు. కదలకుండా కూర్చుని, రాయి పడ్డట్టు నీళ్లలో పడి లేచేది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు రాలేదు. జూన్‌లో నీళ్లు వదిలాక మళ్లీ వచ్చింది.

చెట్టును చూస్తే నా కిడ్నీలు తిరిగి రావు. ఆ మాట ఎవరైనా చెబితే నమ్మకండి. పిక్కలు పట్టేసి కేకలు పెట్టిన రోజుల్లో ఏ పిట్టా నాకు అక్కరకు రాలేదు. వరద వచ్చి గోదావరి ఎర్రగా పొర్లుతుంటే, ఊరంతా గట్టు మీదికి వెళ్తుంటే, నేను దాహంతో మంచు ముక్క చప్పరిస్తూ ఏడ్చిన రోజూ ఉంది. కానీ ఆ సందు ఉన్నన్నాళ్లూ నాలుగు గంటలు నాలుగు గంటలుగానే గడిచాయి. అంతకుముందు అవి గడిచేవి కావు.

రెండు నెలల తరువాత ఎవరో వచ్చి కాగితం చినిగిందని పైనుంచి కింది దాకా కొత్తది అంటించి పోయారు. ఆయన దాన్ని చూశారు. ఏమీ అనలేదు. సంక్రాంతి వెళ్లాక ఐదో మంచం మీదికి వేరొకరు వచ్చారు.

నేను ఇద్దరు అధికారులను అడిగాను. ‘ఎండ వస్తుంది మేడమ్’ అన్నారు. తెరలు నేనే కుట్టిస్తానన్నాను, చూద్దామన్నారు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. పిత్తాశయం ఆపరేషను చేయించుకున్న 46 మందిని పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనబడినవారు, ఇటుక గోడ కనబడినవారి కంటే ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. ఆ వ్యాసం అచ్చుకాగితం కూడా తీసుకెళ్లి ఇచ్చాను. అయినా కాగితం అలాగే ఉంది. మా రోగం పెద్దదని అందరికీ తెలుసు, అందుకే చిన్న కోరిక ఎవరికీ వినబడదు. ‘మనసు గట్టిగా ఉంచుకోండి’ అంటారు. మనసు సంగతి మేము చూసుకుంటాం, మీరు కిటికీ తెరవండి.

ఇక్కడ నర్సింగ్ చదువుతున్న పిల్లలు ఎవరున్నారు? చేతులెత్తండి. ఇద్దరు... ముగ్గురు. అమ్మా, మీరు రేపు ఏ వార్డులో చేరినా, మొదటి రోజు ఒక్కసారి రోగి మంచం మీద పడుకుని చూడండి, అక్కడి నుంచి ఏం కనబడుతుందో.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. రేపు ఉదయం ఆరున్నరకు నా వంతు, నేనూ వెళ్లాలి. ఒక్క మాట. చిన్నప్పుడు మా నాన్నగారు నన్ను ఈ గ్రంథాలయానికి తీసుకొచ్చి తూర్పు కిటికీ దగ్గర కూర్చోబెట్టేవారు. పేజీ తిప్పినప్పుడల్లా కాలువలో పడవ కనబడేది. ఆ కిటికీ ఇప్పుడు నా వెనుక ఈ ఇనుప బీరువా చాటున ఉంది. అబ్బాయిలూ, నలుగురు పైకి రండి. ముందు పుస్తకాలు దించండి, బరువు తగ్గుతుంది. ఈ పక్కకు జరపండి.