రొయ్యల బండికి ఫ్యూయల్ సెల్ ఎంత, బ్యాటరీ ఎంత? లెక్క వేసి చూద్దాం

నమస్కారమండీ. భీమవరం దగ్గర చెరువు గట్టున రొయ్యలు ఎత్తుకుని విశాఖ వెళ్లే బండి ఉందనుకోండి. దాన్ని కరెంటు మోటార్ మీద నడపాలి. హైడ్రోజన్‌ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ పెట్టాలా, బ్యాటరీయా అంటే రెండూ పెట్టమంటాను. ఏది ఎంత అన్నదే ఇవాళ్టి వీడియో.

లోడుతో కలిపి ఏడు టన్నులు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే టైర్లకి, ఎదురుగాలికి, మోటార్‌లో పోయేదానికి కలిపి దాదాపు 22 కిలోవాట్లు కావాలి. కూలింగ్ యూనిట్‌కి ఇంకో మూడు వేసుకోండి. మొత్తం 25.

అదే బండి ఈతకోట టోల్‌గేట్ దగ్గర ఆగి బయల్దేరిందనుకోండి. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కిన ఆ పది పదిహేను సెకన్లు 70 కిలోవాట్లు అడుగుతుంది. మరి 70 కిలోవాట్ల స్టాకే, అంటే ఫ్యూయల్ సెల్స్ పేర్చి కట్టిన దొంతరే, పెట్టేయొచ్చుగా? పెట్టొచ్చు, కానీ ప్లాటినం పూసిన స్టాక్ ఖరీదు తడిసి మోపెడవుతుంది. పైగా తొక్కిన వెంటనే అది అందుకోలేదు. హైడ్రోజన్‌తో కలవాల్సిన ఆక్సిజన్ బయటి గాలిలోంచి రావాలి, ఆ గాలిని కంప్రెసర్ తోడాలి. కంప్రెసర్ వేగం పుంజుకునేలోపే కరెంటు లాగేస్తే సెల్‌కి ఆక్సిజన్ చాలదు, లోపలి పదార్థం దెబ్బతింటుంది. ఇలా మాటిమాటికీ జరిగితే స్టాక్ ఆయుష్షు తగ్గిపోతుంది.

అందుకే స్టాక్ 30 కిలోవాట్లే పెడదాం. మిగతా 40 బ్యాటరీ ఇస్తుంది. కాలువ నీరు ఒకే తీరున వస్తుంటే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుని, అవసరానికి వాడుకుంటాం చూడండి, అలాంటి పొత్తే ఇది.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. పదిహేను సెకన్లు 40 కిలోవాట్లంటే ఖర్చయ్యేది యూనిట్‌లో ఆరో వంతే. అలాంటప్పుడు ఒక యూనిట్ బ్యాటరీ చాలదా? చాలదు. యూనిట్ బ్యాటరీ నుంచి 40 కిలోవాట్లు లాగితే మామూలు బ్యాటరీ సెల్స్ తట్టుకోవు. వాటి సామర్థ్యానికి నాలుగైదు రెట్లే లాగుదాం అనుకుంటే 8 నుంచి 10 యూనిట్ల బ్యాటరీ కావాలి. టయోటా రెండో తరం మిరాయ్ కారులో స్టాక్ 128 కిలోవాట్లు, బ్యాటరీ 1.24 యూనిట్లే. అక్కడ బరువంతా స్టాక్ మోస్తుంది. మనది డెల్టా, రోడ్డు చదును, కాబట్టి చిన్న స్టాక్‌తో నెట్టుకొస్తాం. ఇదే బండిని మారేడుమిల్లి ఘాట్ ఎక్కించాలంటే మాత్రం ఈ లెక్క చింపేయండి. ఎక్కుడు నిమిషాల తరబడి సాగితే బ్యాటరీ ఖాళీ అవుతుంది, 30 కిలోవాట్లతో బండి పాకుతుంది.

ఇక వైరింగ్. లోడు పడితే స్టాక్‌లో ఒక్కో సెల్ వోల్టేజీ 0.65 దాకా జారుతుంది, కాబట్టి స్టాక్ తర్వాత డీసీ–డీసీ కన్వర్టర్ పెట్టి వోల్టేజీ పెంచాలి. స్టాక్‌లోకి కరెంటు వెనక్కి పోకూడదు. బ్యాటరీ వైపు మాత్రం రాకపోకలు రెండూ ఉండాలి, బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటు దాచుకునేది అదే. అందుకని దాన్ని ఎప్పుడూ నిండా నింపకండి. చార్జ్ 40 నుంచి 70 శాతం మధ్య తిరిగేలా కంట్రోలర్‌కి చెప్పండి.

హైడ్రోజన్ ఎంత పడుతుంది? కిలోలో 33.3 యూనిట్ల శక్తి ఉంటుంది, అందులో సగం కరెంటుగా చేతికొస్తుంది. మన బండి గంటకి కిలోన్నర తాగుతుంది. విశాఖకి నాలుగున్నర గంటలు వేసుకుంటే ఏడు కిలోలు. ట్యాంకు తొమ్మిది పది కిలోలది పెట్టుకోండి. అయితే నీటిని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికే 50 యూనిట్ల పైచిలుకు కరెంటు పోతుంది. ఊళ్లో తిరిగే ఆటోకి ఫ్యూయల్ సెల్ ఎందుకండీ, దండగ. రాత్రి చార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుంది.

రేడియేటర్ దగ్గర కక్కుర్తి పడొద్దు. డీజిల్ ఇంజిన్ వేడిలో పెద్ద వాటా పొగతో పోతుంది. ఫ్యూయల్ సెల్ వదిలేది గోరువెచ్చని తేమ గాలే, కాబట్టి వేడంతా రేడియేటరే మోయాలి. స్టాక్ 70, 80 డిగ్రీల దగ్గర నడుస్తుంది. మే నెలలో బయట 42 ఉంటే ఆ తేడాకి చిన్న రేడియేటర్ చాలదు.

ఆఖరిది ఐస్ ఫ్యాక్టరీ. అక్కడ చల్లదనానికి వాడేది అమ్మోనియా. లీకై ఆ ఘాటు కొద్దిగా గాలితో లోపలికెళ్లినా సెల్ పొరలో చేరి కరెంటు తగ్గిస్తుంది. దుమ్ము ఆపే మామూలు ఫిల్టర్ దాన్ని ఆపలేదు, ఆమ్లం పట్టించిన బొగ్గు ఫిల్టర్ కావాలి. ఇంకా మంచిదేమిటంటే, ఫ్యాక్టరీ గేటు రాకముందే స్టాక్ ఆపి, గాలి మార్గం మూసేసి, లోపల బ్యాటరీ మీదే తిరగండి. ఐస్ ఎక్కించుకుని రోడ్డెక్కాక మళ్లీ ఆన్ చేయండి.